సైటు 6, కార్నియా 498 మైక్రాన్లు: లేసర్‌కి కుదురుద్దా?

పెన్నగట్టు (నెల్లూరు):
తమ్ముడికి 23 ఏళ్ళు. కుడి కన్ను మైనస్ 5.50, సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనందుకు ఇచ్చే పవరు) మైనస్ 1.25. ఎడమ కన్ను మైనస్ 6.00, సిలిండర్ మైనస్ 0.75. కార్నియా (నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర) మందం కుడి 512, ఎడమ 498 మైక్రాన్లని రిపోర్టులో ఉండాది, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నెల్లూరులో ఒకచోట లాసిక్ చేస్తామని ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. మద్రాసులో ఇంకోచోట లాసిక్ వద్దు, పీఆర్‌కే అనే ఇంకో రకం లేసర్ గానీ, కంటి లోపల పెట్టే లెన్స్ గానీ చూసుకోమన్నారు. కళ్ళూ అవే, అంకెలూ అవే, మాట మాత్రం ఒకటి కాదు. స్మైల్ అనే లేసర్ పద్ధతి అయితే ఏ గొడవా ఉండదని మూడో ఆయన చెప్తుండాడు. ఎవురిది వినాల? లెక్క తెలిసినోళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

అక్షరాలచార్టు (ఒంగోలు, ఆప్టోమెట్రీ):
ఆ ఇద్దర్లో ఎవరూ అబద్ధం చెప్పలేదన్నా. లెక్క వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

మైనస్ సైటు తగ్గించాలంటే కార్నియా నడిమి భాగాన్ని కొంత చెక్కి చదును చెయ్యాలి. ఎంత చెక్కాలో చెప్పే మోటు సూత్రం ఒకటుంది. చెక్కే వలయం వ్యాసాన్ని దానితోనే గుణించి 3తో భాగిస్తే, ఒక్కో పవరుకి ఎన్ని మైక్రాన్లు పోతాయో వస్తుంది. 6 మి.మీ. వలయానికి 12, 6.5 మి.మీ.కి 14. మీ తమ్ముడికి రెండు కళ్ళలోనూ సిలిండర్ కలిపితే 6.75. అంటే 6.5 మి.మీ. వలయానికి 95 మైక్రాన్ల దాకా చెక్కాలి.

లాసిక్‌లో చెక్కేముందు పైన మూతలాగా ఒక పొర లేపుతారు, దాన్నే ఫ్లాప్ అంటారు. ఫెమ్టో లేసర్‌తో లేపితే 110 మైక్రాన్లు అనుకుందాం. ఎడమ కన్ను: 498లో 110, 95 తీసేస్తే కింద మిగిలేది 293. కుడి కన్ను: 307. కింద 250 కంటే తక్కువ మిగలకూడదన్నది పాత గీత. ఇప్పుడు చాలామంది సర్జన్లు 300 మిగిలితేనే చేయి వేస్తారు. ఇంకో కొలత కూడా ఉంది. ఫ్లాప్, చెక్కింది కలిపి మొత్తం మందంలో ఎంత శాతం? ఎడమ 41, కుడి 40. ఈ శాతం 40కి చేరిందంటే, మిగతా పరీక్షలన్నీ బాగున్నా, కార్నియా తర్వాత మెత్తబడి ముందుకు ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. దీన్నే ఎక్టేసియా అంటారు.

250 గీత పట్టుకుంటే మొదటాయన మాట నిలుస్తుంది. 300, 40 శాతం చూస్తే రెండో ఆయనది నిలుస్తుంది. నా కళ్ళయితే రెండో ఆయన వైపే పోతాను.

పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు. పైన 50 మైక్రాన్ల చర్మంలాంటి పొర తీసి, దాని కింద చెక్కుతారు. ఆ పొర మళ్ళీ పెరుగుతుంది. ఎడమ కంట్లో 353 మిగులుతుంది, శాతం 29. అందుకే పలచటి కార్నియాకి పీఆర్‌కే అంటారు.

ఓటీలైటు (నెల్లూరు, థియేటర్ టెక్నీషియన్):
లెక్క సరే గానీ ఒక సవరణ. మిషన్ చెక్కేది మోటు సూత్రం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే అంచుల్ని నున్నగా కలపాలి. ఎన్ని మైక్రాన్లన్నది ఆపరేషన్‌కి ముందే ప్లానింగ్ షీట్ మీద ప్రింటవుతుంది. "గరిష్ఠంగా ఎంత లోతు చెక్కుతుంది, కింద ఎంత మిగులుతుంది" అని అడిగి ఆ రెండంకెలూ రాసుకోండి. ప్యాకేజీ కాగితం మీద అవి ఉండవు.

చెక్కుడు తగ్గించడానికి కొందరు వలయాన్ని 6 మి.మీ.కి దించుతారు. 81 మైక్రాన్లతో పని అయిపోతుంది, 14 మిగులుతాయి. అయితే చీకట్లో తమ్ముడి కంటిపాప 7 మి.మీ. తెరుచుకుంటే, చెక్కిన వలయం దాటి వెలుగు లోపలికి పోతుంది. రాత్రి హైవే మీద ఎదురు లారీ లైటు చుట్టూ పెద్ద చక్రం, ముళ్ళలాంటి గీతలు కనబడతాయి. మైక్రాన్లు దాచుకున్నందుకు రాత్రి చూపుతో కడతామన్నమాట.

పెన్నగట్టు:
మరి స్మైల్ సంగతేంది? కొయ్యడమే ఉండదంటుండారు గదా.

ఓటీలైటు:
కొయ్యకుండా ఎట్టా? ఫ్లాప్ లేపరు, అంతే. ఫెమ్టో లేసర్ కార్నియా లోపల పప్పుబద్దలాంటి ఒక పలచటి బిళ్ళని గీస్తుంది. పక్కన 2 నుంచి 4 మి.మీ. సందు పెట్టి, దాన్ని రెండువైపులా విడదీసి, ఫోర్సెప్స్‌తో బయటికి లాగుతారు. పైన కప్పు 120 మైక్రాన్లు. బిళ్ళ మరీ పలచనైతే లాగేటప్పుడు చిరుగుతుంది కాబట్టి 10, 15 మైక్రాన్లు అడుగు కలుపుతారు. 95కి అది కలిపితే 105 నుంచి 110. ఎడమ కంట్లో కింద మిగిలేది 270 చుట్టుపక్కల. లాసిక్‌లో కంటే తక్కువ!

అక్షరాలచార్టు:
అంకె తక్కువే, కానీ అంకెకి అంకె పోల్చలేం. కార్నియాలో గట్టి పోగులు పైభాగంలోనే ఉంటాయి. స్మైల్‌లో వాటిని చుట్టూ కొయ్యరు, సందు దగ్గర తెగేవే తెగుతాయి. అందుకని స్మైల్‌లో మిగిలిన 270, లాసిక్‌లో మిగిలిన 270 కంటే బలమని వాదించే సర్జన్లున్నారు. వాదంలో బలముంది. అయినా స్మైల్ తర్వాత కూడా ఎక్టేసియా వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి కాబట్టి "ఏ గొడవా ఉండదు" అనే మాట వద్దు.

సిలిండర్ విషయం కూడా ఉంది. మనిషి పడుకున్నప్పుడు కన్ను కాస్త తిరుగుతుంది. లాసిక్, పీఆర్‌కేలో చెక్కే ఎక్సైమర్ లేసర్ మిషన్లు చాలావరకు ఆ కోణాన్ని పట్టుకుని సరిచేస్తాయి. మొదటి తరం స్మైల్ మిషన్‌కి ఆ వసతి లేదు, కూర్చోబెట్టి కంటి మీద సిరాతో గుర్తుపెట్టి సర్జనే సరిచెయ్యాలి. 1.25 సిలిండర్‌కి ఇది అడగాల్సిన ప్రశ్నే.

ఇదంతా మందం గొడవ. నాకు అంతకంటే పెద్ద అనుమానాలు రెండున్నాయి. ఒకటి, తమ్ముడు కళ్ళు నలుపుకుంటాడా? రెండు, గత రెండు మూడేళ్ళ అద్దాల చీటీలున్నాయా? అవి చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.

చీమకుర్తిరాయి (ప్రకాశం):
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. గ్రానైట్ క్వారీలో, పాలిషింగ్ యూనిట్లో పనిచేసేవాళ్ళు లేసర్ చేయించుకుంటే ఎన్నాళ్ళకి పనిలోకి పోవచ్చు?

ఓటీలైటు:
కంప్యూటర్ పనికైతే లాసిక్, స్మైల్ తర్వాత రెండు మూడు రోజులు, పీఆర్‌కే తర్వాత 7 నుంచి 10 రోజులు చాలు. రాతిపొడి దగ్గరికి మాత్రం నెల దాకా పోకపోవడం మంచిది. ఆ తర్వాత కూడా పక్కలు మూసుకున్న గాగుల్స్ లేకుండా వద్దు. కట్టర్ దగ్గర రాతిపలుకు ఎగిరి ఫ్లాప్ అంచుకి తగిలితే అది జరిగిపోవచ్చు. ఫ్లాప్ అతుక్కుంటుంది గానీ, మొదట ఉన్నంత గట్టిగా ఎప్పటికీ అతకదు. కబడ్డీ ఆడేవాళ్ళకీ, పోలీస్ శిక్షణకి పోయేవాళ్ళకీ ఫ్లాప్ లేని పద్ధతి చెప్పేది అందుకే.

వరికోత మిషన్ వెనక, పొగాకు బ్యారన్ పొగలో, మిరపకళ్ళంలో పని ఉన్నవాళ్ళు ఆ సీజన్ దాటాకే డేటు పెట్టుకోవాలి. మానని కార్నియా మీద వరిఆకో, గడ్డిపోచో గీరుకుంటే బూజు ఇన్ఫెక్షన్ వస్తుంది. దానికి మందులు వారాలు, నెలలు వాడాలి, మచ్చ మిగులుతుంది.

మైపాడురొయ్య (నెల్లూరు తీరం):
చెరువుల దగ్గర ఉండేవాళ్ళకి కూడా చెప్పన్నా.

ఓటీలైటు:
నెల రోజులు చెరువు నీళ్ళు కంట్లో పడకూడదు. ఏరేటర్ తుంపర కూడా నీళ్ళే. బ్లీచింగ్ చల్లే రోజు గట్టు మీదికి రావద్దు. సముద్రం, ఈత, కాలవ స్నానం అన్నీ నెల తర్వాతే. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువుకి పోతే రొట్టె పట్టుకోండి, నీళ్ళు మాత్రం మొహాన చల్లుకోవద్దు.

పెన్నగట్టు:
అక్షరాలచార్టు అన్నా, చీటీలు దొరికినాయి. రెండేళ్ళ కిందట కుడి కన్ను మైనస్ 5.00, సిలిండర్ 0.75. ఎడమ కన్ను మైనస్ 5.75, సిలిండర్ 0.75. కళ్ళు నలుపుకునేది నిజమే. చిన్నప్పటి నుంచీ ఎండాకాలం వస్తే దురద, పిడికిలితో నలుపుతానే ఉంటాడు. రోజూ కాంటాక్ట్ లెన్స్ వాడతాడు. పరీక్ష రోజు పొద్దున లెన్స్ తీసేసి పోయినాడు.

అక్షరాలచార్టు:
అయితే లాసిక్కా, స్మైలా అన్న చర్చ ఇక్కడ ఆపేద్దాం. ముందు ఆ రిపోర్టే చెల్లదు.

లెన్స్ కార్నియాని నొక్కి ఆకారం మారుస్తుంది. మెత్తటి లెన్స్ అయితే కనీసం వారం, కుదిరితే రెండు వారాలు మానేసి పరీక్షకి పోవాలి. గట్టి లెన్స్ అయితే మూడు నాలుగు వారాలు. పొద్దున తీసి మధ్యాహ్నం పరీక్ష చేయించుకుంటే పవరూ తప్పు రావచ్చు, మందమూ తప్పు రావచ్చు, ఆకారం పటం అసలుకే మోసం చెయ్యొచ్చు. లెన్స్ ఎప్పుడు తీశావని ఏ రెండు చోట్లా అడగలేదా?

రెండోది, కుడి కన్ను రెండేళ్ళలో 0.50 పెరిగింది, సిలిండర్ కూడా 0.50 పెరిగింది. లేసర్‌కి 18 ఏళ్ళు నిండితే చాలని అందరూ పట్టుకుంటారు గానీ, ఏడాదిలో అర పవరు మించి మారకూడదన్నది ఆ వయసు కంటే ముఖ్యం. మైనస్ పెరగడం సాధారణమే. కళ్ళు నలిపేవాడికి, 23 ఏళ్ళకి, ఒక కంట్లోనే సిలిండర్ పెరిగిందంటే కెరటోకోనస్ కాదని తేల్చుకోవాలి. అంటే కార్నియా దానంతటదే పలచబడి శంకువులాగా ముందుకు సాగే జబ్బు. దాని మీద లాసిక్ చేస్తే ఇల్లు కూలుతుంటే గోడలో ఇటుక తీసినట్టే.

ఉందని చెప్పట్లేదు, భయపడొద్దు. తేల్చేది పెంటాక్యామ్, అంటే కార్నియా ఆకారం, మందం పటాలు తీసే స్కాన్. రంగుల పటాలు నాలుగున్న ఒక పేజీ మీ దగ్గర ఉండి ఉంటుంది. అది కాకుండా బెలిన్ ఆంబ్రోసియో పేజీ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని అడగండి. అందులో కింద డి అనే అంకె చూడండి. 1.6 లోపు ఉంటే మామూలు. 1.6 నుంచి 2.6 దాకా పసుపు రంగులో వస్తుంది, అనుమానం. 2.6 దాటితే ఎరుపు, లేసర్ మాట ఎత్తకూడదు. పటంలో పైసగం కంటే కిందిసగం ఎర్రగా, నిటారుగా ఉన్నా, కార్నియా వెనక వైపు ఉబ్బెత్తు ఉన్నా, అత్యంత పలచటి చోటు నడిమధ్య నుంచి కిందికి జరిగి ఉన్నా సర్జన్‌ని నిలేసి అడగాలి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అన్నది కూడా చెప్పాలి.

రెండు వారాలు లెన్స్ మాని, దురదకి మందు వాడి, కళ్ళు నలపడం ఆపి, అప్పుడు తీయించండి. దురద మందు కూడా డాక్టరు రాసిందే.

పెన్నగట్టు:
ఒకవేళ పసుపో ఎరుపో వస్తే?

అక్షరాలచార్టు:
పసుపు వస్తే ఆరు నెలలకి మళ్ళీ తీసి పోల్చి చూస్తారు. సాగుతోందని తేలితే సైటు సంగతి పక్కనబెట్టి ముందు కార్నియాని గట్టిపరుస్తారు. మన దగ్గర సీ3ఆర్ అంటారు. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ వెలుగు పెడతారు, పోగుల మధ్య కొత్త కట్లు పడతాయి. మామూలు పద్ధతికి పైపొర తీశాక 400 మైక్రాన్లు ఉండాలి. తమ్ముడికి ఆ మందం ఉంది. అది సైటు తీసెయ్యదు, జబ్బుని ఆపుతుంది. ఈ రెంటికీ తేడా తెలియక డబ్బు కట్టాక పోట్లాడేవాళ్ళే ఎక్కువ.

ఆకారం బాగుండి మందమే తక్కువైతే లోపలి లెన్స్ మంచి దారి. కంటి సొంత లెన్స్‌కి ముందు, కంటిపాప వెనక పెడతారు, కార్నియాని చెక్కేపనే లేదు. కావాలంటే తియ్యొచ్చు. దానికి కంటి ముందు గది లోతు 2.8 మి.మీ. పైన ఉండాలి, కార్నియా లోపలి కణాల లెక్క చూడాలి, తర్వాత ఏటా ఒకసారి కణాలు, లెన్స్‌కీ లెన్స్‌కీ మధ్య ఎడం కొలిపించుకోవాలి. ఖర్చు అన్నిటికంటే ఎక్కువ.

బిట్రగుంటలోకో:
నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రోళ్ళు రైల్వే పరీక్షలకి చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలనుకునేవాళ్ళు లేసర్ జోలికి పోవద్దు. సైటు తగ్గించుకోవడానికి లాసిక్ గానీ, మరే సర్జరీ గానీ చేయించుకున్నవాళ్ళు ఆ పోస్టుకి అనర్హులని నోటిఫికేషన్లోనే రాస్తారు. అద్దాల్లేకుండా 6/6 చదివినా, మెడికల్లో కార్నియా పటం తీస్తే చెక్కింది తెలిసిపోతుంది. పరీక్ష పాసయ్యి మెడికల్లో పోగొట్టుకుంటారు.

సైన్యం, వాయుసేన, నేవీ, పోలీసు ఒక్కోదానికీ ఒక్కో నిబంధన. ఎంత వయసులో చేయించుకున్నారు, ఎన్ని నెలలయింది, కార్నియా ఎంత మిగిలింది అన్నీ చూస్తారు. ఆ ఏడాది నోటిఫికేషన్ చదివాకే అడ్వాన్సు కట్టండి.

పాలసీకాగితం:
ఇన్సూరెన్స్ గురించి అడగబోతారు కాబట్టి ముందే చెప్తున్నా. హెల్త్ పాలసీల్లో ప్రామాణిక మినహాయింపుల్లో ఇదొకటి: 7.5 డయాప్టర్ల (అద్దాల చీటీలో రాసే పవరు) కంటే తక్కువ సైటుకి చేసే చికిత్స ఖర్చు ఇవ్వరు. తమ్ముడికి 6.75 దాటలేదు కాబట్టి క్లెయిమ్ రాదు. 7.5, ఆపైన ఉన్నవాళ్ళు కూడా ముందస్తు అనుమతి తీసుకోవాలి, సైటు ఎంతో డాక్టరు సంతకంతో రాయించుకోవాలి.

ధర అడిగేటప్పుడు ఒక కంటికా రెండు కళ్ళకా, ముందు పరీక్షలు కలిపా, చుక్కల మందులు, పీఆర్‌కే బ్యాండేజ్ లెన్స్ కలిపా, తర్వాత కొసరు సైటు మిగిలితే మళ్ళీ చేసేది ఉచితమా, ఎన్నేళ్ళ దాకా అన్నది కాగితం మీద రాయించుకోండి. నోటిమాట బిల్లు కౌంటర్ దగ్గర పనిచెయ్యదు.

చుక్కలసీసా (కందుకూరు, ఫార్మసీ):
మందుల గురించి నేను చెప్తా. సాధారణంగా మూడు రకాలు రాస్తారు. యాంటీబయాటిక్, ఎక్కువగా మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం, రోజుకి నాలుగుసార్లు వారం. స్టెరాయిడ్, ప్రెడ్నిసొలోన్ లేదా లోటెప్రెడ్నాల్, లాసిక్‌కైతే వారం రెండు వారాలు, పీఆర్‌కేకైతే రెండు మూడు నెలలు మెల్లగా తగ్గిస్తూ. మూడోది కన్నీటి చుక్కలు, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటివి, నెలల తరబడి.

తప్పులు జరిగేది వేసే తీరులో. ఒకదాని వెంటనే ఇంకోటి వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి. ప్రెడ్నిసొలోన్ సీసా అడుగున మందు పేరుకుంటుంది, బాగా కుదపకపోతే పైనీళ్ళే పడతాయి. కంట్లో ఒక చుక్కే పడుతుంది, రెండో చుక్క బుగ్గ మీదికే. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కింద రెప్పని లాగి, పైకి చూస్తూ వెయ్యాలి. వేశాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ముక్కు పక్కన మూల మీద మెల్లగా వేలు పెడితే మందు గొంతులోకి జారదు. తెరిచిన సీసా 28 రోజులకి పారెయ్యాలి. బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేస్తే ఇంకా ముందే.

రోజుకి ఆరుసార్లు కన్నీటి చుక్కలు వేసేవాళ్ళు ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. మామూలు వాటిలో నిల్వ ఉండటానికి కలిపే రసాయనమే అన్నిసార్లు పడితే కంటిని ఇంకా ఎండగడుతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. పీఆర్‌కే నొప్పికి మొద్దుబార్చే చుక్కలు అడిగితే ఏ షాపువాడూ ఇవ్వకూడదు, మీరూ తెచ్చుకోవద్దు. హాయిగా ఉందని వేస్తూ పోతే పైపొర మానదు, కార్నియా కరుగుతుంది. అట్టాగే ఎర్రకంటికని షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన చుక్కలు సొంతంగా పొడిగించవద్దు. కొందరికి కొన్ని వారాల్లోనే కంటి ప్రెషర్ పెరుగుతుంది, నొప్పి కూడా తెలియదు. చెక్కిన కార్నియా మీద ప్రెషర్ మిషన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి అంకె బాగుందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. కొలిచేవాళ్ళకి లేసర్ అయిందని చెప్పాలి.

పొదలకూరునిమ్మ:
అసలు ఆపరేషన్ రోజు ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు. నొప్పి ఉంటుందా?

ఓటీలైటు:
సూదులుండవు. మొద్దుబార్చే చుక్కలు రెండు మూడుసార్లు వేస్తారు. ఆ రోజు సెంటు, పౌడరు, తలనూనె, మల్లెపూలు, కాటుక, విభూతి ఏమీ వద్దు. వాసనలు ముచ్చటకి కాదు మానమనేది, సెంటు ఆవిరి ఎక్సైమర్ కిరణాన్ని దెబ్బతీస్తుంది. లేసర్ గదిలో తేమ, చలి కూడా కొలత ప్రకారమే ఉంచుతారు. స్వెట్టరు తెచ్చుకోండి.

రెప్పలు మూసుకోకుండా స్టీలు క్లిప్పు పెడతారు, కాస్త పట్టేసినట్టు ఉంటుంది. ఫెమ్టో మిషన్ గాజు కంటి మీద ఆనుకుని పీలుస్తుంది. లాసిక్‌లో అప్పుడు కొన్ని సెకన్లు చూపు మసకబారి నల్లబడొచ్చు, అది మామూలే. స్మైల్‌లో పీల్చుడు మెత్తగా ఉంటుంది, పచ్చలైటు కనబడుతూనే ఉంటుంది, అయితే అర నిమిషం దాకా కదలకూడదు. ఉలిక్కిపడి తల తిప్పితే పీల్చుడు ఊడిపోతుంది. ఎక్కడ ఊడిందన్నదాన్ని బట్టి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, లేదా ఆ రోజుకి ఆపి తర్వాత పీఆర్‌కే చెయ్యాల్సి రావచ్చు.

ఎక్సైమర్ చెక్కేటప్పుడు టకటకమని చప్పుడు, కాలిన వెంట్రుకల వాసన. కన్ను మండట్లేదు, భయపడొద్దు. 193 నానోమీటర్ల కిరణం వేడితో కాల్చదు, అణువుల కట్టు తెంపి ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి వాసనది. కన్ను పక్కకి పోతే ట్రాకర్ వెంటపడుతుంది, మరీ పోతే దానంతటదే ఆగుతుంది. మీరు చెయ్యాల్సిందల్లా మెరిసే చుక్కనే చూడటం. రెండు కళ్ళకీ కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు.

లాసిక్, స్మైల్ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు మంట, కారం పడ్డట్టు నీళ్ళు. ఇంటికి పోయి కళ్ళు మూసుకుని పడుకోవడమే మందు. పీఆర్‌కే వేరే కథ. మొదటి రోజు పర్లేదు, రెండోరోజూ మూడోరోజూ నొప్పి బాగా ఉంటుంది, వెలుతురు చూడలేరు. నాలుగో రోజో అయిదో రోజో బ్యాండేజ్ లెన్స్ తీస్తారు. చూపు వారానికి పనికొచ్చేంత వస్తుంది, నిగారింపు రావడానికి నెల పైనే. 6.75 లాంటి పెద్ద పవరుకి చెక్కాక మైటోమైసిన్ 0.02 శాతం తడిపిన స్పాంజి కొన్ని సెకన్లు పెట్టి కడిగేస్తారు, తెల్లటి పొగలాంటి మచ్చ పడకుండా. ఆ మచ్చకి ఎండ కూడా కారణమే. మన రోహిణీకార్తె ఎండల్లో మూడు నుంచి ఆరు నెలలు నల్లద్దాలు లేకుండా బయటికి రావద్దు.

చీమకుర్తిరాయి:
మద్రాసులోనో విజయవాడలోనో చేయించుకుంటే అదే రోజు బండెక్కి రావొచ్చా?

ఓటీలైటు:
వద్దు. మర్నాడు చెకప్ తప్పదు, ఆ రాత్రి అక్కడే ఉండండి. ఫ్లాప్ ముడత పడినా, జరిగినా మొదటి రోజే పట్టుకుంటే లేపి సరిచేసి పరుస్తారు. ఆలస్యమైతే ముడత ఇస్త్రీ మడతలాగా నిలబడిపోతుంది. ఫ్లాప్ కింద ఇసక చల్లినట్టు వాపు కణాలు చేరే డీఎల్‌కే కూడా మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది, గంటగంటకీ స్టెరాయిడ్ వెయ్యాల్సి వస్తుంది. పీఆర్‌కే అయితే లెన్స్ తీసేదాకా ఆ ఊళ్ళో ఉండటమో, మళ్ళీ పోవడమో. వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు, బైకు వెనక సీటు రెండూ వద్దు.

వారం రాత్రులు ప్లాస్టిక్ షీల్డు కట్టుకుని పడుకోవాలి. నిద్రలో నలుపుకునేవాడికి ఇది మందు కంటే ముఖ్యం. తలంటు వారం తర్వాత, అదీ సెలూన్లో తల వెనక్కి వాల్చినట్టు.

నొప్పి తగ్గాక మళ్ళీ పెరగడం, ఎరుపు, చూపు ఉన్నట్టుండి మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనబడటం, దెబ్బ తగలడం. ఇందులో ఏదున్నా అదే రోజు పోవాలి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

నలభైదాటినోడు (ఒంగోలు):
నాకు 44. మైనస్ 3. లేసర్ చేయిస్తే అద్దాల పీడ పూర్తిగా వదులుద్దా?

అక్షరాలచార్టు:
దూరం అద్దాలు పోతాయి, దగ్గరవి వస్తాయి. ఇప్పుడు మీరు అద్దాలు తీసి పేపరు చదువుతున్నారు గదా, లేసర్ తర్వాత అదే పేపరుకి ప్లస్ అద్దాలు కావాలి. ఒక కన్ను దూరానికి, ఇంకోటి మైనస్ 1.25, 1.50 మిగిల్చి దగ్గరికి పెట్టే పద్ధతి ఉంది. అందరి మెదడూ ఒప్పుకోదు. ముందు వారం రోజులు కాంటాక్ట్ లెన్స్‌తో అట్టా పెట్టి చూసుకోండి. రాత్రి బండి నడిపేవాళ్ళు చాలామంది వద్దంటారు.

ఆగి చెప్పాల్సినవి ఇంకో రెండు. పెద్ద మైనస్ ఉన్న కళ్ళలో లోపలి రెటీనా సాగి పలచబడి ఉంటుంది. లేసర్ ముందు భాగాన్నే మారుస్తుంది, కన్ను పొడవు తగ్గదు. కాబట్టి ముందు చుక్కలేసి రెటీనా అంచులదాకా చూపించాలి, చిల్లులుంటే చుట్టూ లేసర్ కట్టు వేశాకే ఇది. తర్వాత కూడా ఏడాదికోసారి చూపించాలి. కంట్లో మెరుపులు, నల్లటి దోమలు ఉన్నట్టుండి ఎక్కువైతే వెంటనే.

రెండోది పొడి కన్ను. షిర్మర్ కాగితం పెట్టి 5 నిమిషాలు కొలుస్తారు. 10 మి.మీ. పైన తడిస్తే మంచిది, 5 లోపు అయితే ముందు దానికి వైద్యం. చెక్కేటప్పుడు కార్నియా నరాలు తెగుతాయి, కన్నీళ్ళు రమ్మని చెప్పే కబురు తగ్గుతుంది. మూడు నుంచి ఆరు నెలలు పొడి ఉండటం మామూలే. మన పడమటిగాలి సీజన్లో ఇంకా తెలుస్తుంది. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకి చెప్పి వాయిదా వేసుకోవాలి.

పెన్నగట్టు:
సరే అన్నా. లెన్స్ ఈరోజే తీయించినా. అద్దాలే వాడతాడు. రెండు వారాలాగి పెంటాక్యామ్ మళ్ళీ తీయిస్తాం. పాత రిపోర్టు పారెయ్యొచ్చా?

అక్షరాలచార్టు:
అయ్యో, అది పారెయ్యొద్దు. కొత్తదాని పక్కన పెట్టి చూస్తేనే ఏం మారిందో తెలుస్తుంది. పాత అద్దాల చీటీలు కూడా తీసుకుపోండి. రేపు ఏ పద్ధతిలో చేయించుకున్నా, ఆపరేషన్‌కి ముందు పవరు, కార్నియా వంపు అంకెలు, ఎంత చెక్కారో ఆ షీటు, అన్నీ ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి. అరవై ఏళ్ళకి శుక్లం వచ్చినప్పుడు లోపల పెట్టే లెన్స్ పవరు లెక్కకి అవి అడుగుతారు. అవి లేకపోయినా లెక్క వేసే సూత్రాలున్నాయి గానీ గురి తప్పే అవకాశం పెరుగుతుంది.

పెన్నగట్టు:
నలుపుకోవడం ఎట్టా ఆపేది? అది చెప్పు ముందు.

చుక్కలసీసా:
ఫ్రిజ్‌లో పెట్టిన కన్నీటి చుక్కలు దురద వచ్చినప్పుడల్లా ఒకటి. శుభ్రమైన గుడ్డ చన్నీళ్ళలో ముంచి, పిండి, మూసిన రెప్పల మీద అయిదు నిమిషాలు, నొక్కకుండా. డాక్టరు రాస్తే ఓలోపటడిన్ లాంటి అలెర్జీ చుక్కలు. రాత్రి షీల్డు ఇప్పటి నుంచే కట్టండి, సర్జికల్ షాపులో దొరుకుతుంది.